పదహారు గుర్రాల రథం

అనగనగనగా, రథాల పందెం పెట్టుకుని నీళ్లు పంచుకునే కాలంలో, మంజులకోట అనే చిన్న రాజ్యం ఉండేది. దాని రాజు జగ్గభూపతి. మనసు వెన్న, బుర్ర మాత్రం కాస్త నిదానం.

మంజులకోటకూ పక్కనున్న ఏటిపాలేనికీ ఒకటే కాలువ. పందెంలో ఎవరి రథం ముందొస్తే, ఆ ఏడు నీళ్లు ముందు వాళ్ల పొలాలకే. ఓడినవాళ్లకు మిగిలిన నీళ్లు. మిగిలితేనే సుమా!

మొదటి ఏడు జగ్గభూపతి నాలుగు గుర్రాలు కట్టాడు. ఏటిపాలెం వాళ్లు కట్టింది రెండే. అవీ బక్కచిక్కినవి. అయినా వాళ్లే గెలిచారు.

"నాలుగు ఎక్కువా, రెండు ఎక్కువా?" అని రాజు మంత్రిని అడిగాడు.

"నాలుగే ప్రభూ."

"మరి?"

"అయితే ఇంకా కట్టాలి" అని రాజే తేల్చేశాడు.

రెండో ఏడు ఎనిమిది గుర్రాలు. అన్ని లాగితే రథం విరగదూ? అందుకని ఇరుసు లావు చేయించి, చక్రాలకు ఇనుప పట్టాలు రెట్టింపు వేయించాడు. తిన్నటి దారిలో రథం ఉరుములా దూసుకుపోయింది. కొండ మలుపు దగ్గర మాత్రం తిరగలేక తిన్నగా జొన్నచేలోకి పోయింది. ఆ ఏడు మంజులకోట నారుమళ్లు నిలువునా ఎండాయి. రాజుకు అన్నం సహించలేదు. తప్పెక్కడుందో అంతుచిక్కలేదు.

మూడో ఏడు పదహారు గుర్రాలు తెప్పించాడు. "ఈసారీ ఓడితే వలసపోతాం ప్రభూ" అని రైతులు చెప్పేశారు. ఇంకా లావు ఇరుసు వేయమని, నిరుడు ఇరుసు వేసిన వడ్రంగి కొండలాచారినే రాజు పిలిపించాడు.

ఆచారి ఇక ఉండబట్టలేకపోయాడు. "గుర్రాలు పెరిగాయని ఇనుము పెంచారు. ఇనుము పెరిగిందని గుర్రాలు పెంచారు. ఇప్పుడవి లాగుతున్నది వాటికోసం వేసిన ఇనుమునే కదా ప్రభూ! రెండు గుర్రాలుంచి తక్కినవి విప్పేయండి. రథం నాకొదిలేయండి."

"రెండా? నీకు మతిగాని పోయిందా?" అన్నాడు రాజు. రెండేళ్లుగా తనను ఓడించింది రెండు గుర్రాలేనని గుర్తొచ్చి, పద్నాలుగు గుర్రాలనూ విప్పించేశాడు.

ఆచారి రథం మీది రాగి గొడుగు పీకేశాడు. సింహం బొమ్మలు దించేసి, రెట్టింపు వేసిన ఇనుప పట్టాలు ఊడదీశాడు. సన్నటి, పొడవాటి ఇరుసు వేసి, మలుపులో రథం ఒరగకుండా చక్రాలను ఎడంగా జరిపాడు. సారథి కూర్చునే పీటను నేలకు దగ్గరగా దించి, ఆముదం కందెన దట్టంగా పట్టించాడు. రాజు పక్కనే నిలబడి, ప్రతిదానికీ "ఇదెందుకు?" అంటూ ప్రాణం తోడేశాడు. సగం అర్థమైంది, సగం కాలేదు.

పందెం రోజు రాజు భయంతో కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మలుపు దగ్గర ఏటిపాలెం సారథి పగ్గాలు బిగబట్టి నెమ్మదించాడు. మంజులకోట రథం మాత్రం వేగం తగ్గకుండానే తిరిగింది. జనం కేకలకు రాజు కళ్లు తెరిచేసరికి, తన రథమే ముందుంది.

కాలువ నీళ్లు గలగలమంటూ మంజులకోట మళ్లలోకి వచ్చాయి. రాజు బురదలో దిగి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ముందే ఎందుకు చెప్పలేదయ్యా ఆచారీ?"

"లావు చేయమన్నారే గాని, ఏం చేస్తే బాగుంటుందని తమరు ఒక్కసారీ అడగలేదు ప్రభూ."

రాజు తలదించుకున్నాడు. రెండేళ్లు తన రైతుల నోటి కూడు పోగొట్టింది ఏటిపాలెం కాదని, తానేనని ఆయనకు అప్పుడు తెలిసింది.

కాబట్టి పిల్లలూ, పనితనం తోడు లేని బలం ఎంత పెరిగితే అంత భారమే అవుతుంది.