ఓవెను ముందర స్టూలు

మూడోసారి కూడా సలోమి కట్లెట్లు పాడైపోయాయి.

పైన సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉన్నాయి. అడుగున తడిసిన అట్టముక్కలా మెత్తబడ్డాయి. ఒకటి విరిచి నోట్లో వేసుకుంటే ఇసుకలా రాలింది. నూనెలో అయితే కళ్లకు గంతలు కట్టినా చేయగల పని అది. అదే ఖీమా, అదే పుదీనా, అదే గుడ్డు, అదే రస్కు పొడి. ఓవెనులోకి పోయేసరికి ఎవరో పరాయివాళ్లు చేసినట్టు వచ్చాయి.

గుంతకల్లు రైల్వే కాలనీలో, చర్చి హాలు వెనకాల వంటగది అది. క్రిస్మస్ కేకుల కోసం ఎప్పుడో కొన్న ఇనుప ఓవెను ఒకటి ఆ మూలన ఉంది. ఎల్లుండి మధ్యాహ్నం ఆ హాల్లోనే ఒక పెద్దాయన డెబ్బై ఐదో పుట్టినరోజు. గుండె ఆపరేషను అయిన మనిషి. ఆరేళ్లుగా నూనెలో వేగినది ఏదీ నోట పెట్టలేదు. "పోయేలోగా ఒక్క మటన్ కట్లెట్ తినాలమ్మా. నూనెలో ముంచకుండా చేయగలవా?" అని ఆయన అడిగితే, సలోమి ముందూ వెనకా చూడకుండా "అదెంత పని!" అనేసింది.

సొంతంగా, తన పేరు మీద ఒప్పుకున్న మొదటి వంట. నలభై మంది ముందర ఆ మాట నిలబడాలి.

ఆమె కొంగుకు చేతులు తుడుచుకుని దస్తగిరి ఉస్తాదు ఇంటికి బయలుదేరింది.

డ్యూటీ దిగిన డ్రైవర్లూ గార్డులూ తిని పడుకునే రన్నింగు రూములో ముప్ఫై నాలుగేళ్లు వండిన మనిషి దస్తగిరి. సంతకం తప్ప చదువు లేదు. ఆ సంతకంలోనూ ఒక అక్షరం తక్కువుండేది. అది చెప్పే ధైర్యం ఏ ఆఫీసు బాబుకూ లేకపోయింది. ఖీమాను మిషనులో వేస్తే ముట్టడు, పీట మీద కత్తితో కొట్టాల్సిందే. ఉర్లగడ్డ కలిపితే దాన్ని కట్లెట్ అననివ్వడు, "అది బోండాకు మేనత్త కూతురు" అంటాడు. ఎవరు, ఏ వారం, ఏ పూట తనను ఏమన్నారో ఒక్కటీ మరిచిపోడు. ఆయన దగ్గర పని నేర్చుకోవాలని వచ్చి పారిపోయినవాళ్లు పద్నాలుగు మంది. పదకొండేళ్లు నిలబడింది సలోమి ఒక్కతే.

ఉస్తాదు అరుగు మీద చేట పెట్టుకుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు.

"ఉస్తాదూ, చర్చిలో ఆ ఓవెను పనికిరాదు" అంది సలోమి.

"పనికిరానిది ఓవెనా, నువ్వా?"

"పదకొండేండ్లు మీ దగ్గర చేసినా. నా చేతిలో తప్పుంటే నూనెలో వేసినప్పుడు ఎందుకు కనపడదు?"

ఆయన ఒలవడం ఆపి ఆమె మొహం చూశాడు. "మంచి మాటే అడిగినావు" అన్నాడు. జవాబు మాత్రం చెప్పలేదు.

మళ్లీ రెబ్బ అందుకుని, "ఎవరికి ఈ వంట?" అన్నాడు.

సలోమి దాచాలనుకున్నది అదొక్కటే. తల వంచుకుని చెప్పింది. "గార్డు సిల్వెస్టర్ గారికి."

ఉస్తాదు చేతిలోని వెల్లుల్లి రెబ్బ జారి చేటలో పడింది. పదహారేళ్లుగా ఆ పేరు ఆ అరుగు మీద వినపడలేదు. ఆ మనిషి గురించి చెప్పాల్సి వస్తే ఆయన 'పచ్చజెండా' అనేవాడు.

"పచ్చజెండాకా?"

"అవును ఉస్తాదూ."

తిట్లు ఎటునుంచి వస్తాయో అని సలోమి కాచుకుని నిలబడింది. ఆయన చేట పక్కన పెట్టి, లేచి, చెప్పుల్లో కాళ్లు దూర్చాడు.

"వానికైతే చేసి తీరాల్సిందే. నడువు. నా ప్లేటు వెనక్కి పంపింది చాలు. నా శిష్యురాలి ప్లేటు కూడా పంపితే నేను ఈ ఊర్లో తలకాయ యాడ పెట్టుకోవాల?"

వంటగదిలోకి వచ్చాక ఆయన ఓవెను జోలికి పోలేదు. పాడైన కట్లెట్ ఒకటి తీసుకుని వాసన చూసి, దాన్ని విసిరికొట్టకుండా, తిట్టకుండా పక్కన పెట్టాడు. సలోమికి అదే ఎక్కువ అవమానంగా తోచింది.

"తలుపు ఎన్నిసార్లు తీసినావు?"

"ఏమో. ఏడెనిమిది సార్లు తీసుంటా. చూడకుంటే ఎట్ల తెలుస్తాది ఉస్తాదూ? బాండ్లీలో అయితే కండ్ల ముందరే తేలుతాంటాది."

ఉస్తాదు పెనం పొయ్యి మీద పెట్టి రస్కు పొడి పోశాడు. రెండు చెంచాల నూనె చిలకరించి, సన్నని సెగ మీద కలుపుతూ నిలబడ్డాడు. తెల్లటి పొడి మెల్లగా, వేయించిన శెనక్కాయ పొట్టు రంగుకు తిరిగింది. ఇంకొక్క క్షణం ఉంటే మాడుతుందనగా దించాడు.

"కట్లెట్ లోపలికి పోకముందే రంగు ఎక్కిస్తున్నారే!"

"బాండ్లీలో సగం పని నూనె చేసిపెడ్తాది. ఈడ నీకు చేసిపెట్టేవాళ్లు ఎవరున్నారు?"

ఖీమాను అరచేతిలో తట్టి, గుడ్డులో ముంచి, ఆ పొడిలో పొర్లించాడు. కేకులు ఆరబెట్టే తీగ జాలీని ట్రే మీద పెట్టి, ఒకదానికొకటి తగలకుండా పేర్చాడు. ఓవెను దగ్గర చెయ్యి పెట్టి చూశాడు, ఆగాడు, మళ్లీ పెట్టి చూశాడు. అప్పుడు ట్రే లోపలికి తోసి తలుపు మూశాడు.

ఆ తర్వాత ఒక స్టూలు లాక్కొచ్చి, ఓవెను తలుపుకు జానెడు దూరంలో వేసుకుని, తలుపుకు వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఎంతసేపు ఉంచాల ఉస్తాదూ?"

"కూర్చో. పచ్చజెండా సంగతి చెప్తా."

ఆ సంగతి సలోమికి కంఠతా వచ్చు. కాలనీలో కుక్కలకు కూడా వచ్చు. అయినా కూర్చుంది.

ఆయన మొదలుపెట్టాడు. శనివారం. రైల్వే ఇన్‌స్టిట్యూట్ క్లబ్బు హాల్లో కొత్త సంవత్సరం డిన్నరు, వంట ఆయనదే. గోడలకు కట్టిన కాగితం తోరణాలు ఏ రంగువి, అందులో ఏది తెగి వేలాడింది, ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారు, ఎవరి పెండ్లాం ఎవరి చీర చూసి మూతి తిప్పింది, అన్నీ వరసగా వచ్చాయి. సిల్వెస్టర్ పెట్టెలోంచి అప్పుడే తీసి తొడుక్కున్న కోటు. దానికి నాఫ్తలీన్ ఉండల కంపు.

సలోమి లేచి ఓవెను వైపు ఒక అడుగు వేసింది. ఉస్తాదు కదల్లేదు, కథ ఆపలేదు. ఆమె మళ్లీ కూర్చుంది.

"ఫోర్కుతో పొడిచినాడు. పొడిచి చీల్చినాడు. చీల్చి లైటు కేసి ఎత్తి చూసినాడు, దొంగ నోటు చూసినట్ల. డెబ్బై మంది ముందర 'లోపల పచ్చిగా ఉంది' అన్నాడు. నా కట్లెట్ పచ్చిదంట! ఇంజను నడిపేటోడు అన్నా పడను నేను, రైలుకు తోక మాదిరి కూర్చుని జెండా ఊపేటోడు నాకు ఉడుకు నేర్పుతాడంట!"

సలోమి ఇంకోసారి లేచింది. వీపు అడ్డం అట్లనే ఉంది. కూర్చుంది.

"బేరరు ప్లేటు వెనక్కి తెచ్చినాడు. ఆ ప్లేటు నేనే కడుక్కున్నా. ఆ పొద్దు నుంచి వాని మొహం చూడలేదు." అని ముగించి, ఉస్తాదు లేచి స్టూలు జరిపి తలుపు తీశాడు.

కట్లెట్లు జాలీ మీద ఎర్రగా, బిర్రుగా కూర్చుని ఉన్నాయి. సలోమి ఒకటి విరిచింది. పెంకు కరుక్కుమంది. లోపలినుంచి పుదీనా వాసనతో ఆవిరి లేచింది. అడుగు తిప్పి చూసింది. అడుగు కూడా పైలాగే ఉంది.

"గడియారం కూడా చూడలేదు కదా మీరు!"

"నాకు గడియారం ఎందుకు? పదహారేండ్లుగా చెప్తాండా. ఒక మాట పెరగలేదు, ఒక మాట తరగలేదు."

సలోమికి నవ్వొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది. "మరి నేనడిగిందానికి జవాబు చెప్పలేదు. నూనెలో నా తప్పు ఎందుకు కనపడలేదు?"

"నూనె మాటకారి. పైన ఎర్రగా చేసి, లోపలి సంగతి..."

అక్కడ ఆగిపోయాడు. తువాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

పుట్టినరోజునాడు హాలు నిండింది. ఉస్తాదు అందరికంటే ముందే వచ్చి, ముందు తలుపు వైపు పోకుండా వెనకదారిన వంటగదిలోకి దూరాడు. "నేను హాల్లోకి రాను. నాకోసం ఎవరూ పిలుపులకు రావద్దు" అన్నాడు. పిలిచినవాళ్లు ఎవరూ లేరు.

ఆ రోజు ఆయన ఒక్క పనీ ముట్టలేదు. ఖీమా కొట్టింది సలోమి. పొడి వేయించింది సలోమి. మొదటి ట్రే పేర్చి, ఓవెను వేడి చేత్తో చూసి, లోపలికి తోసి తలుపు మూసింది. ఉస్తాదు స్టూలు వేసుకుని వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఇంక మొదలుపెట్టండి ఉస్తాదూ" అంది సలోమి ధీమాగా. కథ గడియారంలా కుదిరింది కదా, ఇక భయమేముంది?

"శనివారం" అన్నాడు ఆయన.

వంటగది గుమ్మంలో చేతికర్ర చప్పుడైంది. తల మీద రంగు కాగితం టోపీతో సిల్వెస్టర్ నిలబడి ఉన్నాడు. కట్లెట్ వాసన ఆయన్ని కేకు దగ్గర కుదురుగా నిలబడనివ్వలేదు.

"అమ్మా సలోమీ, ఏమైనాయి? ఒక్కసారి తలుపు తీసి చూపియ్యి తల్లీ." అంటూ లోపలికి వచ్చి, స్టూలు మీద ఎవరున్నారో చూసి ఆగిపోయాడు.

"తలుపు తీయకూడదు" అన్నాడు ఉస్తాదు, ఎదురుగా గోడతో చెప్పినట్టు.

"ఎంతసేపు తీయకూడదు?"

"కథ అయ్యేదాకా."

"ఏం కథ?"

"నీ కథే."

సిల్వెస్టర్ చుట్టూ చూసి, బోర్లించిన కూరగాయల పెట్టె మీద మెల్లగా కూర్చున్నాడు. కర్ర మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. "సరే చెప్పు. ఊరంతా విన్నారంట. నేనొక్కణ్నే వినలేదు."

ఉస్తాదు గొంతు సవరించుకున్నాడు. "శనివారం."

"అవును. శనివారమే."

"ఇన్‌స్టిట్యూట్ హాల్లో... గోడలకు తోరణాలు..."

"నేనూ ఆడనే ఉంటిని కదా, దస్తగిరీ."

తోరణాల రంగు, కుర్చీల వరస, కోటు కంపు, ఇవన్నీ అక్కడ లేనివాళ్లకు చెప్పే మాటలు. ఉన్నవానికి ఏం చెప్పాలి?

"నా ప్లేటు వెనక్కి పంపినావు."

"పంపినా."

"లోపల పచ్చిగా ఉందన్నావు."

"ఉండె."

హాల్లో ఎవరో బెలూను పగలగొట్టారు, పిల్లలు కేకపెట్టారు. ఉస్తాదు మెడ నరం ఉబ్బింది. ఆ నరం ఉబ్బినాక ఏం జరుగుతుందో సలోమికి తెలుసు. గరిటెలు గాలిలో లేస్తాయి.

ఆయన తన రెండు చేతుల వైపు చూసుకున్నాడు.

"ఉండె" అన్నాడు. "నూనె మరీ కాగిపోయి ఉండె. పైన తొందరగా ఎర్రబడె. నేను విరిచి చూసుకోకుండా పంపిస్తి."

అంతే. కథ అయిపోయింది. పదహారేళ్లుగా సాగిన కథ నాలుగు మాటల్లో తీరిపోయింది.

కానీ కట్లెట్లు కాలేదు.

సలోమి నమ్ముకున్న గడియారం ఆగిపోయింది. ఇప్పుడు ఎంత అయింది, ఇంకా ఎంత కావాలి? నలభై మంది అవతల. అడిగిన మనిషి ఇవతల. ఆమె చెయ్యి మసిగుడ్డ మీదికి పోయింది.

ఉస్తాదు స్టూలు మీదినుంచి లేచాడు. తలుపుకు అడ్డం తప్పుకుని, పోయి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తీయమనలేదు, తీయొద్దనలేదు. ఆమె వైపు చూశాడు.

సలోమి తలుపు చూసింది. మసిగుడ్డ చూసింది. తర్వాత మసిగుడ్డ కింద పెట్టి, స్టూలు మీద కూర్చుని, తలుపుకు వీపు పెట్టింది.

ముగ్గురూ అట్లా ఉండిపోయారు. మొదట గుడ్డు వాసన వచ్చింది. తర్వాత రస్కు వాసన. తర్వాత చాలాసేపు ఏదీ మారలేదు. ఆమె వీపుకు ఓవెను వేడి, ఎండాకాలం గోడలా తగులుతూ ఉంది.

"అయినాయా?" అన్నాడు ఉస్తాదు.

"ఇంకా లేదు ఉస్తాదూ."

సిల్వెస్టర్ కర్ర మీద గడ్డం ఆనించుకున్నాడు.

కొవ్వు కరిగి పుదీనాలో కలిసిన వాసన ఒకటి, సన్నగా, తలుపు సందులోంచి వచ్చింది. వచ్చి నిలబడింది. సలోమి ఎవరూ అడగకుండానే లేచి తలుపు తీసింది.

ఎర్రగా, బిర్రుగా ఉన్నాయి.

ఆమె ఒకటి ప్లేటులో పెట్టి, పక్కన ఫోర్కూ కత్తీ పెట్టి, సిల్వెస్టర్ చేతికిచ్చింది. ఉస్తాదు చూపు కట్లెట్ మీద లేదు. ఫోర్కు మీద ఉంది.

సిల్వెస్టర్ ఫోర్కు తీసి పెట్టె మీద పెట్టాడు. కత్తి తీసి దాని పక్కన పెట్టాడు. కట్లెట్‌ను చేత్తో ఎత్తి, రెండుసార్లు ఊది, విరవకుండా, చీల్చకుండా, తిప్పి చూడకుండా కొరికాడు.

ఆ కరుకు ముగ్గురికీ వినపడింది.

కళ్లు మూసుకుని నమిలాడు. మిగిలింది కూడా తిన్నాడు. మీసానికి అంటిన పొడి నాలుకతో తుడుచుకున్నాడు. అప్పుడు ఖాళీ ప్లేటు సలోమి ముందుకు చాపాడు.

"ఇంకొకటి పెట్టమ్మా."

ఉస్తాదు గోడ వైపు తిరిగి తువాలుతో మొహం తుడుచుకున్నాడు, ఓవెను వేడికి చెమట పట్టినవానిలా. తిరిగినప్పుడు గొంతు ఎప్పటిలాగే గట్టిగా ఉంది.

"రెండో ట్రే పేర్చు, నిలబడి చూస్తావేమి? సిల్వెస్టరూ, నీ టోపీ వంకరైంది, సరిగ్గా పెట్టుకో."

సలోమి నవ్వుతూ ట్రే అందుకుంది. గుమ్మం దగ్గర ఉస్తాదు చెప్పులు వేసుకుంటూ ఆగాడు.

"అందరికీ పెట్టినాక ఆ ఓవెను తలుపు తీసి పెట్టు పాపా. చల్లారనీ."