భీమశంకరం మాస్టారు మరిచిన మాట

మధ్యాహ్నం మూడు గంటలు. మబ్బు పట్టి ఉంది, వాన లేదు. గోదావరి మీద గాలి కొద్దికొద్దిగా లేస్తోంది.

రేవులో కుర్చీ వేసుకుని భీమశంకరం మాస్టారు మీసం అంటించుకుంటున్నారు. ఆయన దగ్గర నటన నేర్చుకునే నలుగురూ చుట్టూ నిలబడ్డారు. అందులో మా అమ్మాయి ఇందుమతి ఒకతె. అదే అడిగింది.

"మాస్టారూ, ఇన్ని వేషాలు వేశారు కదా. అన్నిటికన్నా కష్టమైనది ఏదండీ?"

అడగ్గానే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అద్దంలో మీసం సరిచూసుకుని, అది ఇంకా వెయ్యలేదేమోనమ్మా అన్నారు.

ఆయన సంగతి తెలియనివారికి రెండు మాటలు. పద్దెనిమిదో ఏట నాటకాల సమాజం వదిలి మద్రాసు వెళ్లారు. మునసబు, పూజారి, కథానాయిక తండ్రి, పడవవాడు. నలభై అయిదేళ్లు అవే వేషాలు. పోస్టరు మీద ఆయన బొమ్మ ఎన్నడూ పడలేదు, అయినా పిలుపు తప్పలేదు. మొదటి టేకులోనే మాట పొల్లుపోకుండా చెప్పేస్తారని పేరు. ముడిఫిల్ము దొరకడమే గగనమైన రోజుల్లో పట్టుబడిన విద్య అది. శంకరం ఉన్నాడంటే షూటింగు భోజనాల ముందే అయిపోతుంది అనేవారట. ఇప్పుడు ఏడాదికి ఒకటీ అరా సినిమా. రాజమండ్రిలో మేడమీద గది తీసుకుని పిల్లలకు నేర్పుతున్నారు. ఆయన సంపాదించుకున్నది ఆ పేరొక్కటే.

ఆ రోజు ఆయనది పడవవాడి వేషం. ఊరు విడిచిపోయే జనానికి పడవ మధ్యలో నిలబడి నాలుగు మాటలు చెప్పాలి. జనం అంటే మాస్టారి నలుగురు శిష్యులూ, రోజు కూలికి వచ్చిన అయిదుగురు ఆడవాళ్లూ. కెమెరా గట్టు మీద ఉంది. అందరి మొహాలూ కనబడాలని డైరెక్టరు వాళ్లందరినీ పడవకు ఒక పక్కనే కూర్చోబెట్టాడు. అసలు పడవవాడు పోసిబాబు కనబడకూడదు గనుక అతన్ని బల్లల కింద పడుకోమన్నారు. పడవకు తాడు కట్టి లోతుకు వదిలారు. నేను ఇందు సంచి ఒళ్లో పెట్టుకుని గట్టున కూర్చున్నాను.

మాస్టారు మొదలుపెట్టారు. రెండు మాటలు చెప్పి ఆగిపోయారు.

గట్టు మీద ఎవరూ నమ్మలేదు. డైరెక్టరు చిన్నవాడు, మర్యాదగానే మైకులో మళ్లీ చెప్పమన్నాడు. రెండోసారి మొదటి మాటకే తడబడ్డారు. పడవలో ఆడవాళ్లు నవ్వారు. ఒకామె, "మాస్టారికి కాస్త సరస్వతీ ఆకు నూరి పొయ్యండర్రా," అంది. మూడోసారి నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. ఇందు తల వంచుకోవడం నాకు గట్టునుంచే కనబడింది.

కాగితం చూసుకుంటే గాని రాదనీ, ఒడ్డుకు లాగించమనీ మాస్టారు చేతులు జోడించారు. డైరెక్టరు మైకు పక్కన పెట్టాడు గాని మాట అందరికీ వినబడింది.

"లాగండి. పెద్దాయనకి ఇంటిదారైనా గుర్తుందో లేదో."

పడవ ఒడ్డుకు తగిలాక మాస్టారు ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని దింపారు. ఎవరినీ తొందరపెట్టలేదు. అప్పటికి వెలుతురు తగ్గింది. రేపు ఇంకొకరిని పిలిపించుకుంటామని మేనేజరు వచ్చి చెప్పాడు. ఆయన మీసం ఊడదీసి ఇచ్చేశారు. మేము వ్యాను ఎక్కకముందే ఆ కబురు ఫోన్ల మీద హైదరాబాదు చేరింది, శంకరంగారికి మతి తప్పుతోందని. ఇది నిరుడు సంగతి. ఆ తరువాత ఆయనకు పిలుపు రాలేదు.

ఇందు చున్నీ పడవలో ఉండిపోయింది. తేవడానికి వెళ్లాను. పోసిబాబు బల్ల ఎత్తి నీళ్లు తోడుతున్నాడు. లోపల చీలమండలు మునిగేటంత ఉన్నాయి.

"జనమంతా ఒక పక్కకే కూకున్నారు కదండీ. పైపలక నీళ్లలోకి దిగి, దాని సందులోంచి నీళ్లు లోపలికి ఎగదన్నేసినయ్యండి. ముందు నా వీపు తడిసిందండి, తరవాత చెవి తడిసింది. అప్పుడు మాస్టారి కాలు గిల్లి చెప్పాను. కేకెయ్యకురా అన్నారు. కేకేస్తే అందరూ లెగుస్తారండి. లెగిస్తే తిరగబడిపోద్ది."

అక్కడ లోతెంత అని అడిగాను.

"రెండు నిలువులుంటదండి."

పడవ అంచు పట్టుకుని చున్నీ అందుకున్నాను. పడవ మళ్లీ దించనని మేనేజరుకు చెప్పేశాననీ, మాస్టారే చెప్పమన్నారనీ అతను ఇంకా ఏదో అంటున్నాడు. తిరిగి వచ్చేసరికి మాస్టారు నా మొహం చూసి గ్రహించారు. పిల్లలకు ఇప్పుడొద్దమ్మా, రాత్రి నిద్రపోరు అన్నారు. సరేనన్నాను.

ఆడవాళ్లూ పిల్లలూ అందరం ఒకే వ్యాను ఎక్కాం. ఆయన వీధి మొగ వస్తుండగా ఇందు ఉండబట్టలేకపోయింది.

"నిజంగానే మరిచిపోయారా మాస్టారూ?"

"నీకేమనిపించింది?"

"మరిచారనే అనిపించిందండి." అంది ఇందు. "మీ దగ్గర నేర్చుకుంటున్నానని చెప్పుకోవడానికి సిగ్గేసింది."

వ్యాను ఆగింది. ఆయన మెల్లగా దిగి, తలుపు వేసి, కిటికీలోంచి దాని తల మీద చెయ్యి పెట్టారు.

"అయితే వేషం కుదిరిందమ్మా," అన్నారు.

అందరూ దిగేదాకా నేను వ్యాను దిగలేదు. ఆడవాళ్లు అయిదుగురు. పిల్లలు ముగ్గురు, మాది ఒకతె. మాస్టారు. పదిమంది. ఇంటికి వచ్చి, ఇందుమతికి అన్నం పెట్టి, మళ్లీ లెక్కపెట్టాను. పదే వచ్చింది. పడవలో ఉన్నది పదకొండుమంది కదా, ఎవరు తక్కువయ్యారా అని వెతుక్కున్నాను. పోసిబాబు. అతని ఇల్లు రేవులోనే. పదకొండు.