గవరమ్మ దిగిందా?

అనగనగా అనగానే రాజు వస్తాడని చూడకండి. ఈ కథలో రాజు లేడు. మందు నూరే గవరమ్మ ఉంది. ఏ కాలమంటే, ఆడదాని ఒంటికి మగవాడి ఒంటి కొలత వేసిన కాలం. అది వెళ్ళిపోయిందో లేదో మీరే చెప్పాలి.

శరభయ్య అనే వైద్యుడి ఇంట్లో గవరమ్మ ముప్ఫై ఏళ్ళు కల్వం ముందు కూర్చుని మందు నూరింది. ఆ ఇంట్లో ఒక ఆచారం. నూరిన మందు రోగికి ఇచ్చేముందు నూరిన మనిషి ఒక మాత్ర మింగాలి. మనిషి బతికితే మందు మంచిదని. రోజు మందంతా పొద్దునే నూరేవారు గనుక ఆమెకు రోజుకు ఒక్కటే.

గవరమ్మకు చదువు రాదు. ఒళ్ళే చెప్పింది. ఉమ్మెత్త మాత్ర మింగితే మొదట నాలుక ఎండుతుంది. తర్వాత చూపు మసకేస్తుంది. ఆ తర్వాత గుండె పరిగెడుతుంది. మందు కడుపులోంచి నెత్తుట్లో కలిసి, ఒళ్ళంతా తిరిగి, నీళ్ళల్లో బయటికి పోతుంది. నాలుక తడిసిందంటే మందు దిగినట్టు. ఆమెకు దిగడానికి ఒక పగలూ ఒక రాత్రీ పట్టేది.

శరభయ్య మాత్రం పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి వెయ్యమనేవాడు. ఆ మోతాదు తాలింఖానాలో కుస్తీ పట్టే వస్తాదులను చూసి కట్టింది. వాళ్ళకు పూట తిరిగేసరికి దిగేది.

ఒకసారి గవరమ్మ కూతురు నీలమ్మకు బాలింత జ్వరం వచ్చింది. పొద్దున గవరమ్మ ఆ పూటకే నూరి, ఒక మాత్ర తను మింగి, ఒకటి కూతురికి వేసింది. నీలమ్మ నాలుక ఎండిపోయింది.

మధ్యాహ్నం ఇంకొకటి నూరింది.

"వెయ్యవే" అన్నాడు శరభయ్య.

"ఎక్కింది దిగనియ్యండి బాబూ. పిల్ల నాలుక పెంకులా ఉంది."

"నూరే చేతికి నోరెప్పుడొచ్చింది?"

"ఆయనకు తెలీనిది నీకు తెలుసా అత్తా? ఇటియ్యి" అన్నాడు అల్లుడు.

గవరమ్మ మాత్రను గుప్పిట్లో బిగించింది. "ముందు నేను మింగాలి కదా. ఆచారం" అని మింగేసింది. పిల్లదేదని అడిగితే, ఒక్కటే నూరానంది.

సాయంత్రానికి ఆమెకు కల్వం కనబడలేదు. తడుముకుంటూ నూరింది. మళ్ళీ ఒక్కటే.

"ఎక్కింది దిగనియ్యండి బాబూ."

"నీ కూతురు చస్తే ఆ పాపం నాదా?" అన్నాడు శరభయ్య.

"చావకూడదనే" అంది. అదీ మింగేసింది.

దీపాలు పెట్టేవేళకు కల్వం మీదే ఒరిగిపోయింది. "ఎక్కింది దిగనియ్యండి" అన్నదే ఆఖరి మాట.

తెల్లారేసరికి నీలమ్మ నాలుక తడిసింది. జ్వరం జారింది. అమ్మేదని అడిగింది.

"చూశారా నా మాత్ర!" అన్నాడు శరభయ్య. తర్వాత ఖాళీగా ఉన్న పీట చూశాడు. నెల తిరక్కుండా ఆ పీట మీద నీలమ్మను కూర్చోబెట్టాడు.

నీలమ్మ వైద్యుడితో ఒక్క మాటా అనలేదు. నాలుక తడిసేదాకా రెండోది వెయ్యొద్దని, మందు కోసం వచ్చిన ఆడవాళ్ళ చెవుల్లో అంది.

అందుకే ఆ వైపు ఇళ్ళల్లో ఇప్పటికీ రెండో మాత్ర వేసేముందు రోగిని నాలుక చాపమంటారు. "గవరమ్మ దిగిందా?" అని అడుగుతారు. నాలుక పొడిగా ఉంటే మాత్రను పొయ్యి బూడిదలో పూడ్చేస్తారు. వైద్యుడు అడిగితే మూడూ వేశామంటారు.

మూడు మాత్రలతో మనుషులు లేచి తిరుగుతున్నారని వైద్యులు చెప్పుకుంటున్నారు. ఇప్పటికీ మూడే ఇస్తున్నారు. ముందు ఒకటి నూరిన ఆవిడ చేతే మింగిస్తున్నారు.