నారాయణ పక్షి మోకాలు

వీరవేణి మోకాలు వంచదు. భ్రమరాంబకి అన్నం సయించనివ్వని బాధ అదొక్కటే.

గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలవబోయే ముందు మడ అడవిలోకి చొరబడి, దారి తప్పినట్టు అటూ ఇటూ తిరుగుతుంది. ఆ మలుపుల్లో ఒక మెరక మీద పేరమ్మ ఆశ్రమం ఉండేది. నాలుగు తాటాకు పాకలు, ఒక వంటసాల. ఉండేది అందరూ ఆడవాళ్లే. కొందరు దేవుణ్ణి వెతుక్కుంటూ వచ్చారు. ఎక్కువమంది ఇంట్లోంచి పారిపోయి వచ్చారు. వచ్చాక మాత్రం అందరూ దేవుడి కోసమే వచ్చామని చెప్పేవారు. పేరమ్మ ఎవర్నీ గుచ్చి గుచ్చి అడిగేది కాదు.

అక్కడ అందరికంటే పాత శిష్యురాలు భ్రమరాంబ. వంట, వడ్డన, దీపం, తాళంచెవులు అన్నీ ఆవిడ చేతిలోనే. సాయంత్రం హారతి అయ్యాక ఒక్కొక్కరూ వచ్చి, పేరమ్మ కూర్చున్న పీట ముందు రెండు మోకాళ్లూ నేలకానించి మొక్కాలి. మొక్కినవాళ్లకే విస్తరి. ఈ నియమం పేరమ్మ పెట్టిందా అంటే, పెట్టలేదు. వద్దందా అంటే, అదీ అనలేదు. ఆ వేళకి ఆవిడ కళ్లు మూసుకుని ఉండేది. అది ధ్యానమో కునుకో అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

భ్రమరాంబ మోకాళ్లు చూసి తీరాల్సినవి. నల్లగా కాయలు కాసి, ముసలి చింతమానుకున్న బుడిపెల్లా ఉండేవి. కొత్తగా వచ్చినవాళ్లకి చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తి మరీ చూపించేది. "ఊరికే రాలేదర్రా ఇవి," అనేది. ఆ తర్వాత రేవు దగ్గరికి తీసుకెళ్లి మడచెట్లని చూపించేది. అక్కడ చెట్ల వేళ్లు బురదలోంచి పైకి లేచి, మడిచిన మోకాళ్లలా వంగి, మళ్లీ బురదలోకి దిగిపోతాయి. పోటు తగ్గి నీళ్లు వెనక్కి పోయాక చూస్తే ఒడ్డు పొడుగునా మోకాళ్లే.

"చూశారా! ఇక్కడ చెట్లు కూడా మోకరిల్లుతాయి."

ఒకసారి ఆ మాట పేరమ్మ చెవిన పడింది. "మొక్కడం కాదే, అవి ఊపిరి పీల్చుకుంటున్నాయి," అంది. భ్రమరాంబ దాన్ని వేళాకోళం కింద తీసుకుంది.

వీరవేణి బియ్యం తెచ్చే పడవలో వచ్చి దిగింది. చేతిలో చిన్న మూట, నోట్లో తక్కువ మాటలు. మొదటి సాయంత్రం అందరూ మోకరిల్లుతుంటే, తను మాత్రం నిలబడే చేతులు జోడించి పక్కకి తప్పుకుంది. కొత్తమనిషి కదా, తెలీదేమోనని భ్రమరాంబ విడమరిచి చెప్పింది. మర్నాటి సాయంత్రమూ అలాగే నిలబడింది. ఆ పూట ఆమెకి విస్తరి పడలేదు. వీరవేణి కిక్కురుమనకుండా కడివెడు నీళ్ల ముందు కూర్చుని, చెంబుడు తాగి, వెళ్లి పడుకుంది.

తెల్లారాక వంటసాల గుమ్మంలో భ్రమరాంబ నిలదీసింది.

"మోకాళ్లు నొప్పులా?"

"లేదండి."

"మరి కొయ్యలా నిలబడతావేం? ఎవరు నేర్పారే నీకా పొగరు?"

"మా అత్తారింట్లో నేర్పారండి. కూరలో ఉప్పెక్కితే గుమ్మం ముందు మోకాళ్ల మీద నిలబెట్టేవారు. కింద ఇసక పోసి మరీనండి."

"ఇక్కడ నీకు ఇసకెవరు పోశారు? పేడతో అలికిన నేల!"

"ఆ సంగతి నాకు తెలుసండి. మోకాళ్లకి తెలీదు కదండీ."

లోపల కూర తరుగుతున్న వాళ్లెవరో కిసుక్కున నవ్వారు. ఎదురు జవాబు కన్నా ఆ నవ్వు భ్రమరాంబకి ఎక్కువ మంట పెట్టింది.

ఆ పూటే వీరవేణికి కొంగమ్మ అని పేరు పడింది.

"చూడండర్రా ఆ కొంగని," అంది భ్రమరాంబ, రేవు కేసి చెయ్యి చాచి. "లోకంలో ప్రతిదానికీ మోకాలు ముందుకి వంగుతుంది, దానికి వెనక్కి వంగుతుంది. దేవుడికి కూడా మొక్కని జాతి. పైగా ఒంటికాలి మీద జపం ఒకటి! ఈవిడా ఆ బాపతే."

అందరూ నవ్వారు. ఎవరి విస్తరి భయం వాళ్లది.

మంచాన పడ్డ కాముడమ్మ ఒక్కతే నవ్వలేదు. ఆ ముసలామెకి పక్క తియ్యాలంటే అంతకుముందు వంతులేసుకునేవారు, వంతు వచ్చినవాళ్లకి ఆ రోజే కడుపునొప్పి వచ్చేది. వీరవేణి వచ్చాక వంతుల మాటే లేదు. పొద్దున్నే గుడ్డలు ఉతికి ఆరేసి, గంజి పట్టుకెళ్లి తాగించేది. కాముడమ్మ సగం తాగి, "ఇంక పోదే, నువ్వు తాగు," అని గ్లాసు తోసేసేది. అలా గడుస్తున్నాయి వీరవేణికి రోజులు.

రేపు బియ్యం పడవ వస్తుందనగా భ్రమరాంబ గురువు దగ్గరికి వెళ్లింది. పేరమ్మ అరుగు మీద కూర్చుని వత్తులు చేసుకుంటోంది.

"అమ్మా, ఆ వీరవేణిని రేపు పడవ ఎక్కించెయ్యాలి. ఇవాళ ఒకత్తి నిలబడితే రేపు నలుగురు నిలబడతారు."

"ఎక్కడికెళ్తుంది?"

"వచ్చిన చోటికే."

"ఇసక మీదికా?"

ఆవిడ కళ్లు మూసుకుని ఉన్నా చెవులు మూసుకోలేదని భ్రమరాంబకి అప్పుడు తెలిసింది. అయినా తగ్గలేదు.

"దాని కాపురం గొడవ మనకెందుకమ్మా? మోకాలు వంగనిదానికి గురువుతో పనేముంది?"

పేరమ్మ చేతిలో వత్తి పూర్తిచేసి పళ్లెంలో పెట్టింది. "సరే, నీకే వదిలేస్తున్నా. పడవ వచ్చాక నువ్వేం చెప్తే అదే," అంది.

భ్రమరాంబ వెంటనే వెళ్లి వీరవేణిని మూట కట్టుకోమంది.

"అలాగేనండి," అంది వీరవేణి.

ఎక్కడికని అడగలేదు. ఎందుకనీ అడగలేదు. కాళ్లమీద పడితే క్షమించేద్దామని భ్రమరాంబ లోపల్లోపల సిద్ధంగానే ఉంది. పడని మనిషిని క్షమించే పద్ధతి ఆవిడకి తెలీదు.

మర్నాడు పొద్దున్న రేవు వైపు నుంచి పేరమ్మ కేక వినిపించింది. "భ్రమరా! పసుపూ, పాత గుడ్డా పట్టుకురా!"

భ్రమరాంబ పరుగున వెళ్లేసరికి ఆవిడ చీలమండల లోతు బురదలో, ఒక మడచెట్టు వేరు మీద కూర్చుని ఉంది. ఒళ్లో బూడిదరంగు నారాయణ పక్షి. మనిషి నడుం ఎత్తుండే పెద్ద కొంగ అది. పేరమ్మ దాని తలకి పైట చెంగు చుట్టి, ముక్కు పిడికిట్లో బిగించి పట్టుకుంది. దాని కాళ్లు రెండూ కర్రల్లా బయటికి వేలాడుతున్నాయి. ఒక కాలి మీదుగా రక్తం కారి, మధ్యలో ఉన్న బుడిపె దగ్గర గడ్డకట్టింది.

"మోకాలి దగ్గర గాలం ముల్లు దిగింది. నేను ముక్కు వదిల్తే మన కళ్లు పీకేస్తుంది. నువ్వు ముల్లు తీసి పసుపు అద్దు," అంది పేరమ్మ.

భ్రమరాంబ వంగి ఆ బుడిపె తడిమింది. రక్తం తుడిచి చూసింది. ముల్లు కనిపించలేదు. పసుపు దట్టంగా అద్ది, గుడ్డ చుట్టి ముడేసింది.

"అయిందమ్మా."

"ముల్లేదీ?"

"లేదమ్మా. ఎక్కడో ఊడిపోయినట్టుంది."

"మోకాలి దగ్గర చూడమన్నాను."

"చూశాను కదమ్మా, ఇదిగో! కట్టు కూడా కట్టాను."

"అది మోకాలు కాదే పిల్లా, మడమ."

భ్రమరాంబకి నవ్వొచ్చింది. "కాలికి నట్టనడుమ మడమేంటమ్మా?"

"కింద ఉన్నవి వేళ్లు. అక్కణ్ణుంచి ఈ బుడిపె దాకా అంతా పాదమే. ఈ పిట్ట పుట్టాక ఏనాడూ మడమ నేలకానించి నిలబడలేదు."

పేరమ్మ రెండో చేత్తో భ్రమరాంబ చెయ్యి పట్టుకుని, పక్షి పొట్ట పక్కన ఈకల్లోకి దూర్చింది.

లోపల వెచ్చగా ఉంది. భయంతో కొట్టుకుంటున్న గుండె వేళ్లకి తెలుస్తోంది. సన్నటి ఎముక వెంబడే వెళ్తే, ఒంటికి అంటుకుని గుండ్రంగా ఒకటి తగిలింది. ఆ క్షణాన పక్షి గింజుకుని కాలు లోపలికి లాక్కుంది. భ్రమరాంబ వేళ్ల కింద ఆ గుండ్రనిది కదిలింది.

ముందుకే వంగింది. అచ్చం మనిషి మోకాల్లా.

దాని పక్కనే, ఈకల మాటున, ముల్లు.

భ్రమరాంబ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"తగిలిందా?" అంది పేరమ్మ.

"తగిలిందమ్మా."

"అయితే తియ్యి. దానికి నొప్పెడుతోంది."

గాలం ముల్లు వెనక్కి లాగితే రాదు. మొనని ముందుకి నెట్టి, చర్మంలోంచి అటువైపుకి తెచ్చి, మొత్తం అటే లాగెయ్యాలి. భ్రమరాంబ ఊపిరి బిగబట్టి ఆ పని చేసింది. పసుపు ఈసారి ఈకల్లోపల అద్దింది. అంతకుముందు తను కట్టిన కట్టుని తనే విప్పేసింది.

పేరమ్మ పైట చెంగు తీసి పక్షిని వదిలింది. అది బురదలో రెండడుగులు కుంటి, రెక్కలు విప్పి, మడచెట్ల మీదుగా వెళ్లిపోయింది. పేరమ్మ కాళ్లు కడుక్కుని, వెనక్కి తిరిగి చూడకుండా అరుగు మీదికి వెళ్లింది.

మలుపు తిరిగి పడవ వచ్చింది. రేవున పసుపు చేతులతో భ్రమరాంబ ఒక్కతే నిలబడి ఉంది. పడవ నడిపే సూరన్న గడ పాతి, "ఎక్కేవాళ్లెవరైనా ఉన్నారాండీ?" అని అరిచాడు.

వీరవేణి అప్పటికే మూటతో గట్టు దిగి వస్తోంది.

"ఎవరూ లేరు. బస్తాలు దించు," అంది భ్రమరాంబ.

సూరన్న ఒకసారి మూట కేసీ, ఒకసారి ఈవిడ కేసీ చూసి, మనకెందుకులే అన్నట్టు మొదటి బస్తా గట్టున పడేశాడు. వీరవేణి వచ్చి ఎదురుగా నిలబడింది.

"సాయంత్రం నేను వంగనండి," అంది. "ముందే చెబుతున్నాను."

భ్రమరాంబ చేతులు నీళ్లలో ముంచి కడుక్కుంది. పసుపు పూర్తిగా పోలేదు. బస్తా దగ్గరికి నడిచింది.

"నీ మోకాళ్లెక్కడున్నాయో నాకేం తెలుసే," అంది. "రా, ఆ చివర పట్టుకో."