జొన్నల పాతర

అనగనగా నల్లరేగడి చేల పక్కన ఒక చిట్టడవి. అక్కడి జంతువులన్నీ కలిసి జొన్న పండించుకునేవి. గింజల్ని నేలలో లోతుగా తవ్విన పాతరలో పోసి, మూతి మీద బండ మూసి, మట్టి మెత్తేవి. ఆ పాతర బాధ్యత చూసే పెద్ద, గంగన్న అనే ఎలుగుబంటి. మనసు వెన్న, కానీ మహా తొందర.

ఒక ఏడు ముసురు పట్టి వదల్లేదు. ఇళ్లలో గింజ లేదు. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే గంగన్నకు కాలు నిలవలేదు. పరుగున పోయి బండ తొలగించాడు. పాతర మూతి ఇరుకు. అందులో పట్టేది కుందేలు ఓబులమ్మే.

ఓబులమ్మ తొంగిచూసి ముక్కు మూసుకుంది. "గంగన్నా, లోపల గాలి చెడినట్టుంది. వాన పడకుండా పైన పందిరి వేసి, ఈ పూటకు తెరిచిపెడదాం. రేపు దీపం దించి చూద్దాం. అది ఆరకుండా వెలిగితేనే దిగుతాను."

"మూసిన పాతర మల్లెపూల వాసన వేస్తుందా? పిల్లల ఏడుపు వినపడటం లేదా తల్లీ? ఒక్క గంప నింపి వచ్చెయ్!"

ఆ ఏడ్చేవాళ్లలో ఆమె పిల్లలూ ఉన్నారు. గంప అందుకుంది. నడుముకు తాడు కట్టించుకుని దిగింది.

"గింజలు అందాయా?" అని గంగన్న కేకేశాడు.

"అందాయి."

"గంప నిండిందా?"

"తల తిరుగుతోంది అన్నా..."

"పైకి రా ఓబులమ్మా!"

జవాబు లేదు.

గంగన్న మూతి దగ్గరి మట్టి పెళ్లగించి తానే దూకబోయాడు. కొండముచ్చు నరసప్ప వెనకనుంచి గట్టిగా పట్టుకున్నాడు.

"నువ్వూ పడిపోతే ఇద్దరినీ తీసేదెవరు? తాడు లాగు!"

ఇద్దరూ లాగారు. ఓబులమ్మ వడిలిన ఆకులా పైకొచ్చింది. గాలి తగిలే చోట పడుకోబెట్టారు. చాలాసేపటికి దగ్గి, కళ్లు తెరిచింది.

"పిల్లలు తిన్నారా?" అంది.

గంగన్న భోరుమన్నాడు. "నువ్వు వద్దన్నావు. నేనే తోశాను తల్లీ."

"నువ్వూ పిల్లల కోసమే అన్నావు. నేనూ వాళ్ల కోసమే దిగాను. కానీ అన్నా, నేను పైకి రాకపోతే, నా పిల్లలకు ఆ జొన్నలు ఎవరు వండిపెడతారు?"

ఆ పూట గంగన్న వానలో తిరిగి అడవి గడ్డలు తవ్వి తెచ్చి, అందరి పిల్లలకూ పెట్టాడు. మర్నాడు దీపం దించితే ఆరిపోయింది. ఎవరినీ దిగనివ్వలేదు. ఆ పై రోజు నిలకడగా వెలిగింది. అప్పుడే గింజలు తీశారు.

ఓబులమ్మ ఆ ఏడంతా ఆయాసంతో పరిగెత్తలేకపోయింది. అప్పటినుంచి పాతర తెరిచిన ప్రతిసారీ పిల్లలు "ఇంకా ఎంతసేపు?" అని గొడవ చేసేవారు. గంగన్న వాళ్లను ఒళ్లో కూర్చోబెట్టుకునేవాడు.

"లోపలికి దిగే అమ్మ మళ్లీ పైకి రావాలి కదరా, అంతసేపు" అనేవాడు.

నీతి: ఎంత అవసరమైన పనైనా, చేసేవారి ప్రాణానికి భద్రత చూశాకే మొదలుపెట్టాలి.