కోత కోసినవాడి పొలం

పేరిశాస్త్రి గారికి ఏ ప్రశ్నకూ నేరుగా జవాబు చెప్పే అలవాటు లేదు. విజయనగరం కాలేజీలో చరిత్ర చెప్పి పదవీ విరమణ చేశాక కూడా ఆ గుణం పోలేదు. శిష్యులం లోలోపల విసుక్కునేవాళ్ళం, అయినా మానకుండా వెళ్ళేవాళ్ళం.

అమెరికా తొలినాటి పొలిమేరల మీద పరిశోధన చేస్తున్న భానోజీ ఒకనాడు ఆయన దగ్గర మొరపెట్టుకున్నాడు. "ఆ హద్దులు ఏటికేడూ జరిగిపోతుంటే తల తిరిగిపోతోందండీ. ముందు వచ్చినవాడెవడో తేలిస్తే నేల ఎవరిదో తేలిపోదా గురువుగారూ?"

"తేల్చిన సంగతే ఒకటుంది, విను" అన్నారాయన.

ఒహాయో నదిలో కలిసే ఒక ఏటి ఒడ్డున జరిగిందది. అక్కడికి వలస వచ్చిన తెల్లవాళ్ళకు రెండు ఆచారాలుండేవి. చెట్ల బెరడు మీద గొడ్డలితో తన గుర్తు చెక్కినవాడు నేల నాదనేవాడు. ఒక పంట మొక్కజొన్న తీసినవాడూ నాదనేవాడు. రెండూ ఒకే నేల మీద పడితే ఇక తలకాయలు పగలడమే.

అలా వచ్చిన ఎజ్రా అనేవాడి పొలం గట్టున తన గుర్తులున్న చెట్లు చూపించి, కేలబ్ అనేవాడు ఖాళీ చెయ్యమన్నాడు. ఎజ్రాకు పెళ్ళాం, పసిబిడ్డలు. చలికాలం ముంచుకొస్తోంది. ఆ పొలం పోతే తలదాచుకునే చోటు లేదు. తగవు పెద్దల దాకా వెళ్ళింది. ఆ గుర్తులు పడకముందే అక్కడ తనకు పంట ఉందని ఎజ్రా రుజువు చెయ్యాలి. చూసిన ఇరుగుపొరుగులు కొందరు చచ్చారు, కొందరు ఇంకా పడమటికి పోయారు. మిగిలింది ఏటి అవతల ఉండే షానీ అనే ఆదివాసీ తెగ ముసలామె ఒక్కతే. ఆమె పేరు నోరు తిరగక ఎజ్రా నాన్సీ అనేవాడు. వెళ్ళి బతిమాలి తీసుకొచ్చాడు.

"ఆదివాసుల సాక్ష్యం చెల్లదు. వాళ్ళ మాటకు విలువేమిటి?" అన్నాడు కేలబ్.

ఎజ్రాకు ఒళ్ళు మండింది. "ఈవిడ నోట అబద్ధం రాదు. నా బిడ్డల మీద ఒట్టు! ఈవిడ ఏది చెబితే అదే నిజం" అని అరిచాడు. పెద్దలు సరేనన్నారు.

"చెప్పు నాన్సీ, ఈ గుర్తులు పడకముందు ఏడు అక్కడ మొక్కజొన్న ఉందా, లేదా?" అని అడిగాడు పెద్దల్లో ఒకడు.

"ఉంది. నేనూ మా చెల్లెళ్ళూ విత్తాం. కాడలకు చిక్కుడు పాకించాం, కింద గుమ్మడి పెట్టాం. కంకులు పాలు పోసుకునే వేళకు ఇతను తుపాకీ పట్టుకుని వచ్చాడు. మేం ఏరు దాటాం. కోత ఇతను కోశాడు."

ఈపాటికి ఎజ్రా సిగ్గుతో చచ్చి ఉంటాడనుకున్నాను, వింటున్న నేను. ఎంత వెర్రివాణ్ణి!

"విన్నారా? కోసింది నేనే!" అన్నాడట ఎజ్రా.

పెద్దలు తలలూపారు. పంట చేతికొచ్చింది అతనికే కనుక పొలం అతనిదేనన్నారు. కేలబ్ గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఎజ్రా భార్య బిడ్డల్ని దగ్గరకు తీసుకుని సంతోషంతో ఏడ్చింది.

భానోజీ ముఖం ఎర్రబడింది. "మరి ఆ ముసలామె సంగతేం చేశారండీ?"

"భోజనం పెట్టి ఏటి దాకా సాగనంపారు నాయనా" అన్నారు గురువుగారు. "మర్యాద తెలిసిన మనుషులు."