చలివేంద్రం ముంగిట మూడు ప్రశ్నలు

అనగనగా ఒక అడవి. ఎంత పెద్ద అడవంటారా? ఈ కొసన ఏనుగు ఘీంకరిస్తే ఆ కొసన కుందేలు చెవి కూడా కదిలేది కాదు!

ఆ యేడు ఎండలు మండిపోయాయి. వాగులు ఎండాయి. అడవికి రాజైన దీర్ఘదంతుడనే ఏనుగు బాట పక్కన చలివేంద్రం పెట్టించాడు. ఓ పందిరి, ఇసుక తిన్నె, దాని మీద కొత్త మట్టికుండ. దాన్ని చూసుకునేవారికి ఆ నీడలోనే కాపురం.

కొలువు కోసం ముగ్గురు వచ్చారు. బోలెడు చదివిన గోరింక, మాటకారి నక్క, కపిల అనే ముంగిస. పాపం, కపిల కలుగు దగ్గరి చెలమ ఎండిపోయింది. పిల్లలు ఇంకా కళ్ళైనా తెరవలేదు. ఈ కొలువు దొరక్కపోతే వాటిని నోట కరుచుకుని, నిప్పులు చెరిగే ఎండలో కొండ దాటాలి. దాటేలోగా బతుకుతాయో లేదో!

"ఈ కుండను చూసి, మీకేం కనబడుతోందో చెప్పండి," అన్నాడు రాజు.

మాట పూర్తికాకముందే గోరింక అందుకుంది. "కుండకు కంటికానని రంధ్రాలుంటాయి ప్రభూ! వాటిగుండా నీరు పైకి ఊరుతుంది, ఆవిరవుతుంది. పోతూ పోతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది!"

"కుండా? తమరి మనసంత చల్లగా ఉంది!" అంది నక్క.

కపిల కుండ చుట్టూ తిరిగింది. మెల్లగా తాకింది. "పైన చెమ్మగా ఉంది ప్రభూ. తాకితే చల్లగా ఉంది. కింది ఇసుక తడిసింది. అంతే."

రాజు తలూపాడు. గోరింకకు ఒళ్ళు మండింది. ఓహో, రాజుగారికి ఇలాంటివే నచ్చుతాయన్నమాట, అనుకుంది.

"మరి నీళ్ళు ఎందుకు చల్లబడ్డాయి?" అని అడిగాడు రాజు.

"పైన చెమ్మ! కింద ఇసుక తడి!" అని అరిచింది గోరింక.

"తమరి దయవల్ల ప్రభూ," అంది నక్క.

"ఇందాక గోరింకక్క చెప్పిందే కారణం ప్రభూ," అంది కపిల. "ఊరిన నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతోంది. నా చేతికి తగిలిన చెమ్మ ఆ నీరే."

"అయ్యో, అది నా జవాబు!"

"నీదే తల్లీ," అన్నాడు రాజు. "అడిగినప్పుడు ఏమైంది మరి?"

ఈలోగా బాట మీద జింకలు బారులు తీరాయి. ఓ లేడికూన నిలబడలేక కూలబడింది.

"ఈ కుండ ఎందరికి సరిపోతుంది? సుమారుగా చెప్పండి, చాలు."

గోరింక కుండలో ముక్కు ముంచి కొలవసాగింది. "ఒక ముక్కెడు... రెండు ముక్కెళ్ళు..."

"ఎందరికైనా సరే!" అంది నక్క.

కపిల కుండనూ, బారునూ ఓసారి చూసింది. "జింకలైతే ఓ ఇరవై తాగుతాయి ప్రభూ. దున్నపోతు వచ్చిందా, రెండో కుండ ఉండాల్సిందే."

రాజు ఫక్కున నవ్వి, నీళ్ళు ముంచే దొప్పను కపిల చేతిలో పెట్టాడు. ముందు లేడికూన తాగింది. పొద్దు వాలకముందే కపిల పిల్లలు పందిరి నీడకు చేరాయి.

మర్నాడు మిట్టమధ్యాహ్నం గోరింక వచ్చి వాలింది. నోరు పిడచగట్టుకుపోయింది.

"ఏం కావాలక్కా?" అడిగింది కపిల.

గోరింక నోరు తెరిచింది. ఓ క్షణం ఆగింది. "నీళ్ళు," అంది. అంతే!

అందుకే పిల్లలూ, ఎంత తెలిసినా సరే, అడిగిందేమిటో ముందు విని, ఆ తర్వాతే నోరు విప్పాలి.